మేక ముట్టిన నేలవేము

నమోదు 611
మంగళవారం, నీడగుడ్డలు దించే వేళ

ఈ రోజు మేక నేలవేము తిన్నది.

నా మాటలు రాసుకునే ఈ పెట్టె తప్పుగా వింటుందేమోనని ఇంకోసారి చెబుతున్నాను. మేక. నేలవేము. తిన్నది. ఒక ఆకు కొరికి ఉమ్మేయడం కాదు. వరస మొదట్లో మొదలుపెట్టి, గడ్డి మేసినట్టు నింపాదిగా మేసుకుంటూ పోయింది. నేను మంచును నీరుగా పట్టే వలల కింద నీటి తొట్లు కడుగుతున్నాను. కరకరమని చప్పుడైతే తల తిప్పి చూశాను. చూసి అలాగే నిలబడిపోయాను. అదిలించాలని కూడా తోచలేదు. అది నా వైపు ఒకసారి చూసి, తోక ఊపి, పక్క మొక్క అందుకుంది.

మా మందుల వనంలో సర్పగంధకు కంచె ఉంది, పొడపత్రికి కంచె ఉంది, ఆఖరికి తులసికి కూడా ఉంది. నేలవేము మడికి లేదు. నేలవేముకు దాని చేదే కంచె అని మా అత్త అంటుండేది. ఆమె కాలం నుంచి నా కాలం దాకా ఏ పశువూ దాని మీద మూతి పెట్టిన పాపాన పోలేదు. అలాంటిది ఈ రోజు పట్టపగలు, నా కళ్ళ ముందు, సగం వరస నున్నగా అయింది.

ఆ మేక మా తోడికోడలు సన్యాసమ్మది. ఒంటి రంగును బట్టి దానికి బెల్లం అని పేరు పెట్టింది. మేకకు పిచ్చెక్కింది, అంతే. యజమానిని బట్టే కదా పశువు.

మిగతా పని: వలల నీరు తొట్టికి చాలినంత దిగింది. గట్టు మీద ఇప్పుడు వనం ఉన్న పదకొండో మెట్టులో నేలవేము ఏపుగా ఉంది, తిన్నది పోగా. ఒంటిని చల్లగా ఉంచే చలి చొక్కాలు ఎండకు పెట్టి ఛార్జి ఎక్కించాను. నేను ఎలా వాగినా ఈ పెట్టె దాన్ని పుస్తకాల తెలుగులోకి దిద్ది, వనాల లెక్కలు చూసే కేంద్రానికి పంపుతుందని తెలుసు. మనుషులు అన్న మాటలు మాత్రం ఎలా అన్నారో అలాగే ఉంచమన్నాను. ఉంచకపోతే నేలకేసి కొడతానని కూడా చెప్పాను.

ఇక ఆ చివరి వాక్యం. అది చెప్పనిదే దీని మూత పడదు.

దిగువ మెట్లు: నేలవేము లేదు.


నమోదు 612
బుధవారం, పొద్దున్నే

రాత్రంతా పోట్లాట. సన్యాసమ్మ నాకన్నా ముందు ఆ ఇంట్లో కాలు పెట్టింది. ఆ సంగతిని నన్ను ఒక్క రోజు కూడా మరిచిపోనివ్వలేదు. నేను వనం చూస్తాను, ఆమె మేకలు చూస్తుంది. మా మొగుళ్ళు అన్నదమ్ములిద్దరూ అవతలి గట్టు మీద నీటి సొరంగం పనిలో ఉంటారు కాబట్టి ఇంట్లో మేమిద్దరమే. మాట్లాడుకోవడానికి లేకపోయినా పోట్లాడుకోవడానికి తీరిక ఉంటుంది.

మేకను కట్టేసుకోమన్నాను. వనాన్ని పై మెట్టుకు మార్చే ఎక్కింపు దగ్గర పడుతుంటే మడి పాడు చేసిందన్నాను. ఆమె తీరిగ్గా చుట్ట వెలిగించుకుని, మేకకేం కాలేదంది.

“నీ ఆకుకే ఏటో అయ్యింది నూకీ. ఓపాలి నోట్లో ఎట్టుకుని సూడు.”

నోట్లో పెట్టుకోవడమా! వనంలో ఆకును ఎంగిలి చేయకూడదు. ఎంగిలి పడిన మడి నుంచి మొక్కలను మోసే పల్లకి లేవదు. ఇది మా అత్త పెట్టిన కట్టు. ఊరంతా నేటికీ పాటిస్తోంది. కోసిన ఆకును తూకం వేసి యంత్రంలో పోస్తాం, అవతల గుళికలు పడతాయి. గుళిక నాలుక మీద నిలవదు, నీళ్ళతో గుటుక్కున దిగిపోతుంది. కాబట్టి మా చలిగట్టు ఊళ్ళో నేలవేమును రుచి చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగితే, నిన్నటి దాకా నాకు ఆ ప్రశ్నే తట్టలేదు.

సన్యాసమ్మకు ఏ కట్టూ పట్టదు. పొద్దున్నే నా వెనకే మెట్టెక్కి వచ్చి, నేను చూస్తుండగానే గుప్పెడు ఆకు దూసి నోట్లో వేసుకుంది. నమిలింది. మింగింది. ముఖం చిట్లించుకుంటుందని చూస్తున్నాను. చిట్లించుకోలేదు.

“బచ్చలాకులాగున్నాదే,” అంది.

నాకు చెయ్యి ఆగలేదు. నేనూ తిన్నాను. తడి, పసరు, కాస్త వగరు. చేదు లేదు. ఇంకో మొక్క ఆకు తిన్నాను, ఇంకో వరసలోది తిన్నాను. లేదు. నా నాలుకకే ఏదో తెగులు వచ్చిందనుకుని ఇంట్లోకి పరుగెత్తి పచ్చి కాకరకాయ కొరికాను. కాకర కాకరలాగే ఉంది.

అరుగు మీద ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. సన్యాసమ్మ కూడా వెక్కిరించలేదు. అది ఇంకా భయపెట్టింది.

దిగువ మెట్లు: నేలవేము లేదు.


నమోదు 613
బుధవారం, సాయంత్రం

డాక్టర్ లోవరాజు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన మొదట నవ్వారు. చేదు తగ్గితే పిల్లలు సుఖంగా మింగుతారు కదా అన్నారు. గుళికల సీసా ఆయన ముందుకు తోశాను. ఒకటి విప్పి, పొడి అరచేతిలో పోసుకుని నాకారు. ఇంకొకటి విప్పారు. ఇంకొకటి. తర్వాత వెనక కుర్చీ ఉందో లేదో చూసుకోకుండా కూలబడ్డారు.

ఇక్కడ విడత జ్వరం సంగతి చెప్పాలి. మా చిన్నప్పుడు గట్టు మీద దోమ ఉండేది కాదు. మొక్కలకు ఉన్నట్టే దోమకూ బతకగల ఎత్తుకు ఒక గీత ఉంటుంది, అది మాకన్నా వేగంగా ఎక్కి వచ్చింది. జ్వరం ఒక విడత వచ్చి పోతుంది. మధ్యలో మనిషి లేచి తిరుగుతాడు, వంట చేస్తాడు, హమ్మయ్య అనుకుంటాడు. రెండో విడత వస్తుంది. మూడో విడతలో పోతాడు. మాత్రలకు ఇది లొంగడం మానేసి చాలా కాలమైంది. నేలవేము చేదు ఒక్కదానికే జడుస్తుంది. అందుకే ఈ వనం, ఈ నీడగుడ్డలు, ఈ పల్లకి, నేను.

“నూకరత్నం గారూ,” అన్నారు డాక్టరు గారు. “పోయిన వానల్లో పోయినవాళ్ళందరూ ఇవే మింగారండి. ఆలస్యంగా తీసుకొచ్చారని వాళ్ళింటివాళ్ళ మీద కేకలేశాను నేను.”

ఆ గుళికలకు ఆకు కోసింది నేను. తూకం సరిపోయిందని సంబరపడింది నేను. ఆకు ఏటికేడు పెద్దదవుతోందని, మడి పచ్చగా కళకళలాడుతోందని కేంద్రానికి గొప్పగా చెప్పింది కూడా నేనే. గొప్పలు చెప్పినన్నాళ్ళూ మందు తగ్గుతూ వచ్చింది.

దిగువ మెట్లు: నేలవేము లేదు.


నమోదు 616
ఆదివారం

సన్యాసమ్మకు జ్వరం.

చలి మొదలైనప్పుడు నటిస్తోందనుకున్నాను, దేవుడు నన్ను క్షమించుగాక. నాలుగు దుప్పట్లు కప్పినా మంచం చప్పుడు చేస్తూనే ఉంది. ఆ వణుకులో కూడా నన్ను తిట్టింది. మేకలకు నీళ్ళు పెట్టమని, బెల్లాన్ని కొట్టవద్దని చెప్పింది. డాక్టరు గారు గుళికలు ఇవ్వబోయి, చేతిలో సీసా చూసుకుని, మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. ఇంత సిగ్గుపడ్డ డాక్టర్ని నేనెప్పుడూ చూడలేదు.

ఇది మొదటి విడత.

దిగువ మెట్లు: నేలవేము లేదు.


నమోదు 621
శుక్రవారం

మధ్యలో సన్యాసమ్మ లేచి అంబలి తాగింది, చుట్ట అడిగింది, నాతో గొడవ పెట్టుకుంది. తగ్గిపోయిందని పక్కింటివాళ్ళు సంతోషపడ్డారు. నేను పడలేదు. నిన్న రెండో విడత పట్టుకుంది. ఈసారి తిట్టలేదు. పేరు పెట్టి పిలిస్తే కళ్ళు తెరిచింది, అంతే. తెల్లవారి చెమట పట్టి వదిలాక, మెల్లగా మాట వచ్చింది.

“నా మేక ముందే సెప్పినాది కదే. ఇంట్లోదాన్ని, నా మాట నీకేటి ఎక్కుతాది. పెరటిసెట్టు మందుకి పనికిరాదు.”

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆమె మీద కాదు, ఆ మడి మీద. అది పచ్చగా నిగనిగలాడుతూ నన్ను వెక్కిరిస్తోంది. మొత్తం పీకి పారేద్దామని గునపం తీసుకుని పదకొండో మెట్టుకు వెళ్ళాను. తీరా వెళ్ళి చూస్తే పీకడానికి ఏముంది? ఇన్నాళ్ళూ నేను మంచం పక్కన ఉంటే, బెల్లం అడిగేవాళ్ళు లేక మడినంతా మేసేసింది. మొదళ్ళు మిగిలాయి. కానీ అక్కడక్కడా ఒక్కో మొక్క ముట్టకుండా నిలబడి ఉంది. చిన్నవి, బక్కవి, ఆకు ముడుచుకున్నవి. ఒక్కొక్కదాని కాడకూ ఎర్రదారం ఉంది.

ఎర్రదారం కట్టింది నేనే. ఆ సంగతి ఎక్కింపు తెలియనివాళ్ళకు అర్థం కాదు. ఏటా తొలకరికి ముందు కేంద్రం నుంచి ఒక గీత వస్తుంది. గీతకు పైన మొక్క బతుకుతుంది, కింద బతకదు. మేము సముద్రం పక్క ఊళ్ళ నుంచి ఎండ తరిమితే ఎక్కి వచ్చినవాళ్ళం, గీత మాట జవదాటం. గీత ఎక్కినప్పుడల్లా వనాన్ని ఒక మెట్టు పైకి ఎక్కిస్తాం. డప్పులు కొట్టి, మొక్కలను పల్లకిలో పెట్టి, ఊరంతా మోస్తాం. పల్లకిలో చోటు కొంచెం కదా, అందుకని చక్కటి మొక్కలనే ఎక్కిస్తాం. ఏపుగా, ఆకు వెడల్పుగా, మచ్చ లేకుండా ఉన్నవి. చిక్కిపోయినవాటికి ముందే ఎర్రదారం కట్టి వదిలేస్తాం. వాటికి ఒక చెంబు నీళ్ళు పోసి, వెనక్కి చూడకుండా ఎక్కేస్తాం. వెనక్కి చూస్తే దిగులు పట్టుకుంటుందని మా అత్త అనేది.

దారం రంగు చూసి మేక బెదిరిందేమో అనుకున్నాను. ఒక మొక్క దారం విప్పి పారేసి, బెల్లాన్ని చెవి పట్టుకుని లాక్కొచ్చాను. అది మూతి దగ్గర పెట్టింది. తుమ్మింది. పక్కకు తిరిగింది. ఇంకో మొక్క దగ్గరికి తోశాను. మళ్ళీ అదే. నేను ఒక ఆకు తుంపి నమిలాను.

చేదు. గొప్ప చేదు కాదు గానీ, చేదే.

ఓరి నాయనో. ఏళ్ళ తరబడి మేము డప్పులు కొట్టి మోసింది చేదు లేనివాటిని. దారం కట్టి వదిలేసింది మందును. ఎండ తగలకుండా, పురుగు వాలకుండా, దాహం వేయకుండా పెంచాం. ఇక చేదు దానికెందుకు? అలా సుఖపడ్డవాటినే ఏరి ఏరి విత్తనానికి పైకి తెచ్చుకున్నాం. ఏరింది నా చేత్తో. ఎవరూ బలవంతం చేయలేదు. అందంగా ఉందని ఏరాను.

ఆ మొక్కల ఆకంతా దూస్తే గుప్పెడు వచ్చింది. డాక్టరు గారు కషాయం కాచి సన్యాసమ్మకు పట్టారు. ఇది మూడో విడతను కాస్త వెనక్కి నెడుతుందేమో గానీ ఆపదన్నారు. ఆపాలంటే బుట్టెడు కావాలన్నారు, అదీ ఇంతకన్నా చేదుది.

దిగువ మెట్లు: నేలవేము లేదు.


నమోదు 622
శనివారం, చాలా పొద్దున్నే

వంతల దాసు గట్టు మీద పైకీ కిందికీ తిరిగే తీగబండి నడుపుతాడు. వాళ్ళు మాలాగా కింది నుంచి వచ్చినవాళ్ళు కాదు, మొదటి నుంచీ గట్టువాళ్ళు. ఐదో మెట్టు దాకా దిగి, వదిలేసిన ఇళ్ళలోని ఇనుము పైకి తెస్తుంటాడు. ఐదుకు కింద అంతా కేంద్రం పటం మీద ఎర్ర పట్టీ. చలి చొక్కా ఉన్నా అక్కడ పొద్దెక్కాక మనిషి నిలవలేడు.

మూడో మెట్టుకు తీసుకెళ్ళమన్నాను. నేను కొత్తకోడలిగా వచ్చిన ఏడు పల్లకి మూడు నుంచి లేచింది. ఎర్రదారం మొక్కలు ఎక్కువగా మిగిలింది అక్కడే. అక్కడ ఏముంటుందమ్మా, బొగ్గు తప్ప అన్నాడు దాసు. నాకూ నమ్మకం లేదు. గీత మాట అబద్ధమవుతుందని నేనెందుకు అనుకుంటాను? కానీ చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమైనా సరే, పట్టుకోవడానికి ఆకులంటూ ఉండాలి కదా.

పోయిన వానల్లో దాసు తల్లి బుద్రి విడత జ్వరంతో పోయింది. ఆ రోజుల్లో ఆమె పక్కన కూర్చుని ఒళ్ళు తుడిచింది సన్యాసమ్మే. ఆ మాట నేను ఎత్తలేదు. అతనే చొక్కాలు తీసుకుని బండెక్కాడు.

బయలుదేరుతున్నాం. ఈ పెట్టెను కూడా తీసుకెళ్తున్నాను.

దిగువ మెట్లు: నేలవేము లేదు. అని చెబుతున్నాను, మూత పడటానికి.


నమోదు 623
శనివారం, మూడో మెట్టు మీద నుంచి

దీన్ని ఎలా చెప్పాలో తెలియడం లేదు. చూసింది చూసినట్టు చెబుతాను.

ఐదో మెట్టు దగ్గర బండి దిగి నడిచాం. నాలుగో మెట్టు మీద మా పాత నీడగుడ్డల గుంజలు విరిగి పడి ఉన్నాయి. సర్పగంధ అని రాసిన రేకు ఒకటి ఉంది, దాని కింద ఉత్త మట్టి. నేను అనుకున్నదే. చొక్కా లోపల చల్లగా ఉన్నా మొహం మండిపోతోంది. దాసు ముందు నడుస్తున్నాడు. మూడో మెట్టు గోడ పడిపోయి ఉంటే ఆ రాళ్ళ మీదుగా దిగాడు, దిగి ఆగిపోయాడు. పామేమో అనుకుని నేనూ ఆగాను.

పాము కాదు. నేలవేము.

ఒకటి రెండు కాదు. గోడ రాళ్ళ సందుల్లో, పాత కాలువలో, మేము పల్లకి దించిన అరుగు పగుళ్ళలో, అక్కడి నుంచి కింది వాలు మీద కనుచూపు మేర. జానెడు ఎత్తు. ఆకు సన్నం, అంచులు ముడుచుకుని, కాడ ఊదారంగు తిరిగి ఉంది. పైన మా మడిలో అయితే చూడగానే ఎర్రదారం కట్టేదాన్ని. చుట్టుపక్కల ప్రతి తుప్పనూ అడవిమేకలు మట్టం దాకా కొరికేశాయి. వాటి పెంటికలు కాళ్ళ కింద నలుగుతున్నాయి. నేలవేము మీద ఒక్క పంటి గాటు లేదు.

మేము చెంబెడు నీళ్ళు పోసి వెనక్కి చూడకుండా వదిలేసిన మొక్కల మనవలు, మునిమనవలు ఇవి. ఒక్క రోజు నీడ పట్టింది లేదు, ఒక్క తొట్టి నీళ్ళు పెట్టింది లేదు. మేము పైకి పోతూ ఉంటే ఇవి ఇక్కడే ఉన్నాయి. తొలి చినుకుకు మొలిచి, ఎండకు మాడి, విత్తు రాల్చి, మళ్ళీ మొలిచి.

ఒక ఆకు నాలుక మీద పెట్టాను. చేదు చెవుల దాకా పాకింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఉమ్మలేదు. ఇంకొకటి తిన్నాను. తింటూ ఏడ్చాను, చేదుకో దేనికో తెలియదు.

దాసు కూడా ఒక ఆకు తిన్నాడు. నమిలి, మింగి, నేల చూస్తూ నిలబడ్డాడు. అతని మనసులో ఏం తిరుగుతోందో నాకు ముందే తెలిసింది, అడగకపోతే బాగుండుననుకున్నాను. అడిగాడు.

“ఇది మందు అయితే, మరి మాయమ్మకి మనం ఇచ్చిందేటమ్మా?”

మనం అన్నాడు. మీరు అనలేదు. తిట్టినా కొట్టినా నాకు అంత దెబ్బ తగిలేది కాదు.

“ఆకు,” అన్నాను. “ఒట్టి ఆకు దాసూ. నేనే కోసి ఇచ్చాను.”

అతను వంగి కోయడం మొదలుపెట్టాడు. వేళ్ళు పీకకుండా, విత్తు కాడలు వదిలిపెట్టి, పై భాగం మాత్రం కోశాడు. నేనూ వంగాను. ఇద్దరం బుట్టలు నింపాం.

బుట్టలు నిండాక నీడలో కూర్చుని ఈ పెట్టె తెరిచాను. కేంద్రం పటం చూపించమన్నాను. మూడో మెట్టు ఎర్రగా ఉంది, నేలవేము బతకదని ఉంది. నేను ఆ మొక్కల మధ్య కూర్చుని ఉన్నాను. పైన ఆకాశంలో తిరిగే కన్ను చూసి గీసిన గీత కదా, ఇంత పచ్చదనం దానికి ఎందుకు కనిపించలేదని అడిగాను. ఈ గీతకు మూలం ఏమిటని అడిగాను. పెట్టె తన పుస్తకాల తెలుగులో జవాబు చెప్పింది.

“మూలం: చలిగట్టు వనం నమోదులు. ప్రతి నమోదులోని చివరి వాక్యం.”

మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే చెప్పింది.

నా చివరి వాక్యం! మూత పడటానికి రోజూ నేను చెప్పే వాక్యం. అంతకు ముందు మా అత్త చెప్పిన వాక్యం. ఏ ఒక్క రోజూ దిగి చూడకుండా, వదిలేశాం కదా, ఇంకేముంటుందిలే అని చెప్పిన వాక్యం. మేము లేదన్నాం, వాళ్ళు గీత పైకి జరిపారు. గీత జరిగిందని మేము ఎక్కాం. ఎక్కి, కిందికి చూడకుండా, మళ్ళీ లేదన్నాం. ఎండ పెరిగిన మాట నిజమే, సర్పగంధ పోయిన మాట నిజమే. కానీ ఈ ఒక్క మొక్క గీత మాత్రం ఎవరూ గీయలేదు. మా అత్తాకోడళ్ళమే మా నోటితో గీసుకున్నాం.

దాసు బుట్ట ఎత్తుకుని, బేగి రా అమ్మా, ఎండెక్కిపోతోందని పిలుస్తున్నాడు. ఈ రోజు చివరి వాక్యం చెప్పను. మూత పడకపోతే పడకపోనీ.


నమోదు 626
మంగళవారం

పెట్టె మూడు రోజులుగా తెరిచే ఉంది. దుమ్ము పడకుండా గుడ్డ కప్పాను.

మూడో విడత ఈ తెల్లవారుజామున వచ్చింది. అప్పటికే మేము తెచ్చిన ఆకు కషాయం సన్యాసమ్మ కడుపులో పడుతోంది. మొదటిసారి పట్టినప్పుడు సగం మింగింది, సగం నా చీర మీద ఉమ్మేసింది.

“సేదే,” అంది. “ఇది సేదే. నన్ను సంపెయ్యాలనేటే నూకీ?”

అంత ఆనందం నాకు పెళ్ళిలో కూడా కలగలేదు. ఇంకో గ్లాసు పోశాను. ముక్కు మూసి పట్టించాను. తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. తిట్టనీ. రోజూ తిట్టనీ.

చలి వచ్చింది, మంచం చప్పుడు చేసింది, ఒళ్ళు కాలింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. డాక్టరు గారు గుమ్మం దాటి లోపలికి రాలేదు, అక్కడే నిలబడి చూశారు. మధ్యాహ్నానికి చెమట పట్టింది. జ్వరం దిగింది. ఇంకా దిగుతుందేమో, చల్లబడిపోతుందేమో అని హడలిపోయాను. చల్లబడలేదు. నిద్రపోయింది, గురక పెట్టింది. ఆ గురక మీద ఎన్నిసార్లు గొడవపడ్డానో.

డాక్టరు గారు అప్పుడు లోపలికి వచ్చి నాడి చూశారు. మిగిలిన కషాయం ఎంత ఉందో అడిగి, గిన్నెను రెండు చేతులతో పట్టుకుని, జ్వరంతో ఉన్న తక్కిన ఇళ్ళకు బయలుదేరారు. గుళికలు పోసే యంత్రానికి తాళం వేశారట. ఇక మీదట గిన్నెలోనే ఇస్తారట, ఎదురుగా నిలబడి, ముఖం చిట్లించుకునేదాకా.

దాసు ఇంటికి వెళ్ళాను. తలుపు తీసే ఉంది, అతను లేడు. బుద్రిని పూడ్చిన చోట రాళ్ళ మధ్య జానెడు నేలవేము మొక్క ఒకటి నాటి ఉంది. నీళ్ళు పోసిన తడి లేదు. దీనికి నీళ్ళు పోయకూడదని అతనికి తెలిసిపోయింది. నేనూ పోయకుండా వచ్చేశాను.


నమోదు 634
ఎక్కింపు రోజు

ఊరంతా వచ్చారు. చెప్పాల్సిందంతా డాక్టరు గారు ముందురోజే అందరినీ కూర్చోబెట్టి చెప్పారు, నేను పక్కన నిలబడ్డాను. కొందరు నా ముఖం చూడలేదు. పోయిన వానల్లో కూతుర్ని పోగొట్టుకున్న ఒకామె నా దగ్గరికి వచ్చి, ఏదో అనబోయి, అనలేక వెళ్ళిపోయింది. ఆమె ఏమన్నా నేను పడాలి.

పల్లకి దించాం. ఈ ఏడు గీత పన్నెండో మెట్టు మీద ఉంది. పన్నెండు తర్వాత గట్టు లేదు, ఆకాశమే. పల్లకిలో పచ్చటి మొక్క ఒక్కటి కూడా పెట్టలేదు. పదకొండో మెట్టు మీద బెల్లం ముట్టకుండా వదిలిన మొక్కలకే చోటు. కాడకు ఎర్రదారం ఉన్నవే. బక్కగా, ముడుచుకుని, పల్లకిలో వాటిని చూస్తే నవ్వు వచ్చేలా ఉన్నాయి. ఎవరూ నవ్వలేదు.

సన్యాసమ్మ దుప్పటి కప్పుకుని రాతి మీద కూర్చుంది. లేవవద్దంటే వినలేదు. బెల్లం తాడు చేతిలో ఉంది. ఏటేటా పోసే చెంబెడు నీళ్ళు ఎవరికి పోయాలని అడిగాను. ఆమె తాడు వదిలేసింది.

“నీల్లు వొద్దే. తిననీ.”

మేక మొదళ్ళ నుంచి మళ్ళీ చిగిర్చిన మడిలోకి వెళ్ళింది. దాని వెనక ఊళ్ళో మేకలన్నీ వెళ్ళాయి. కరకరమని చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు. మా అత్త జన్మంతా, నా జన్మ సగం ఆ మడిలో ఉన్నాయి. ఈసారి అందరం వెనక్కి తిరిగి, నిలబడి, చివరి దాకా చూశాం.

తర్వాత దాసు పల్లకి ముందుకొమ్ము భుజానికెత్తుకున్నాడు. డప్పులు మొదలయ్యాయి. అలవాటు కొద్దీ అందరి కాళ్ళూ పైదారి వైపే తిరిగాయి. నావి కూడా. దాసు మాత్రం కదలకుండా నన్ను చూశాడు.

“ఎటమ్మా?”

“కిందికి,” అన్నాను.

డప్పులవాళ్ళు ఒక క్షణం ఆగారు. తర్వాత తిరిగారు. పల్లకి దిగువదారి పట్టింది.

పెట్టె ఇంకా తెరిచే ఉంది, చివరి వాక్యం కోసం కాచుకుని ఉంది. ఈ వాక్యం ఒక్కటి మాత్రం దిద్దకుండా, నేను చెప్పింది చెప్పినట్టు పంపు. దిగి చూసి చెబుతున్నాను.

దిగువ మెట్లు: నేలవేము ఉంది.